సితారాల హవా, పిల్లల హక్కు

మా పత్రికలోళ్లకు 'హవా' అంటే ఎన్నికలే. ఫలానా పార్టీ హవా, ఫలానా లీడర్ హవా. ఉర్దూ మీడియంలో చదివిన నాకు మాత్రం హవా అంటే ముందు గాలే. దాని సంగతి అనంతపురం వాళ్లకు ఒకరు చెప్పాలా? పడమటి కనుమల దగ్గరే తడంతా దించేసి, మన దగ్గరికి ఖాళీ చేతులతో వస్తుంది. ఆషాఢంలో మబ్బులు నెత్తిమీదే పరిగెడతాయి, చినుకు రాలదు.

ఆస్మాన్‌లోనూ ఇలాంటి కహానీ ఉంది. చలికాలం రాత్రి ఊరి లైట్లకు దూరంగా నిలబడి, ఒరాయన్ నడుములో వరసగా ఉండే మూడు చుక్కల కింద చూడండి. మసకగా కనిపించేది ఒరాయన్ నెబ్యులా, సితారాలు పుట్టే మబ్బు. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. దాని నడుమ సూర్యుడికి ముప్పై రెట్లకు పైగా బరువున్న సితారా ఒకటుంది. దాని నుంచి సెకనుకు రెండు వేల కిలోమీటర్లకు పైగా వేగంతో హవా వీస్తుంది. ఆ హవా చుట్టూ ఉన్న గ్యాస్‌ను బుడగలా ఊది, సెకనుకు 13 కిలోమీటర్ల చొప్పున బయటికి నెడుతోందని 2019లో సోఫియా అనే విమాన టెలిస్కోప్ పరిశీలనల్లో తేలింది. గ్యాస్ చెదిరిన చోట కొత్త సితారా పుట్టదు. ఇలాంటి మబ్బుల్లో నూటికి కొన్ని పాళ్ల గ్యాసే సితారాలుగా మారడానికి ఈ హవా ఒక వజహ్. ఇందులో జుల్మ్ ఏమీ లేదు, ఖుద్రత్ హిసాబ్ అంతే. ఇలాంటి కళ్లేలే లేకుంటే గ్యాసంతా ఎప్పుడో ఖర్చయిపోయేది.

ఇంతకన్నా జోరుగా హవా వీచే వుల్ఫ్-రాయే సితారాల మీద పనిచేసినవాడు హైదరాబాద్‌లో పెరిగిన వైను బప్పు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ములాజిమ్. కొడుకు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ సర్కారు వజీఫాతో హార్వర్డ్ వెళ్లాడు. 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనిపెట్టాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి సదర్ అయ్యాడు. జహన్ ఆయనది, వజీఫా సర్కారుది. రెండూ కలిస్తేనే ఆ సఫర్.

నా ఏతరాజ్ ఇక్కడే. సర్కారు బడి పిల్లల మాటెత్తితే, "అందరూ సితారాలవుతారా భాయ్?" అంటారు. ర్యాంకుల హోర్డింగుల మీద నవ్వే నలుగురు ముఖాలు చాలంటారు. ఖుద్రత్ హిసాబ్‌ను మన గఫ్లత్‌కు బహానా చేసుకోవద్దు. చెదిరిపోయిన గ్యాస్‌కు హక్కు లేదు, బచ్చాకు ఉంది. మబ్బును తరిమిన గాలిని నిలదీయలేం, పిల్లను సైన్సుకు దూరం చేసిన నిజామ్‌ను నిలదీయొచ్చు.

కరువు మనకు వానలివ్వకున్నా, చలికాలంలో సాఫ్ ఆస్మాన్ ఇచ్చింది. తెలుగు మీడియమైనా ఉర్దూ మీడియమైనా, ప్రతి సర్కారు బడికి ఒక చిన్న టెలిస్కోప్, ఏడాదికి ఒక్క రాత్రి. అడుగుతున్నది ఖైరాత్ కాదు, హక్కు.