పాఠంలోనే దాగిన వివక్ష

రెండేళ్లలోపు పసిపిల్లలు ఇద్దరికి జ్వరం వచ్చింది. వయసూ అంతే, జ్వరమూ అంతే. ఒకరు తెల్లజాతి, ఒకరు నల్లజాతి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011 మార్గదర్శకం ప్రకారం నల్లజాతి బిడ్డకు మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం తక్కువ. అంటే మూత్ర పరీక్ష చేయకుండానే ఇంటికి పంపే ప్రమాదం ఎక్కువ. సకాలంలో గుర్తించకపోతే ఆ జబ్బు కిడ్నీలను దెబ్బతీయవచ్చు.

ఇక్కడ ఏ డాక్టరుకీ దురుద్దేశం ఉండనక్కర్లేదు. మంచి మనసున్నవాళ్లు కూడా నేర్చుకున్న పాఠాన్నే పాటిస్తారు. 2021లో అకాడమీ ఆ మార్గదర్శకాన్ని ఉపసంహరించుకుంది. ఈ జబ్బును అంచనా వేసే ఒక కాలిక్యులేటర్ నుంచి 2022లో పరిశోధకులు జాతిని తీసేశారు. జ్వరం ఎన్నాళ్లుగా ఉంది, ఈ ఇన్ఫెక్షన్ ఇదివరకు వచ్చిందా అన్న ప్రశ్నలు చేర్చారు. అంచనా దాదాపు అంతే కచ్చితంగా వచ్చింది.

పిల్లల డాక్టర్లకు సమానత్వం నేర్పడమంటే మర్యాదల మీద ఒక గంట క్లాసు పెట్టి ఊరుకుంటే చాలదు. "ఈ లెక్క ఎక్కడిది? దీనివల్ల ఏ బిడ్డకు నష్టం?" అని పాఠ్యపుస్తకాన్నే అడగడం నేర్పాలి. కులాన్నో బస్తీనో చూసి జబ్బును ఊహించే చోట, ఆ ప్రశ్న మనకూ కావాలి.