ఏ ప్రిన్స్ అసలు ప్రిన్స్?

'ప్రిన్స్' అనగానే మీకు మహేశ్‌బాబు గుర్తొస్తే మీ తప్పేం కాదు. కానీ గోదావరిఖని చౌరస్తాలో, యైటింక్లయిన్ కాలనీలో నెట్ సెంటర్ల చుట్టూ తిరిగి పెరిగిన మా బ్యాచ్‌కి ఇంకో ప్రిన్స్ ఉన్నాడు. గోడల మీద పరిగెత్తేవాడు. కిందపడి చస్తే కాలాన్ని వెనక్కి తిప్పి మళ్లీ లేచేవాడు. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' హీరో అన్నమాట. ఆయన గురించి 2026 జనవరిలో మా వాట్సాప్ గ్రూప్‌లో జరిగిన లొల్లి ఏ హీరో ఫ్యాన్స్ గొడవకూ తీసిపోదు.

ముందు వార్త చెప్తాను. 2003లో వచ్చిన 'ద సాండ్స్ ఆఫ్ టైమ్' ఆటను కొత్తగా మళ్లీ తయారుచేస్తున్నామని యూబీసాఫ్ట్ కంపెనీ 2020 సెప్టెంబర్‌లో ప్రకటించింది. 2021 జనవరిలో వస్తుందన్నారు. తర్వాత మార్చి అన్నారు. ఆ తర్వాత అసలు తేదీయే లేదన్నారు. 2022లో పనిని ఒక స్టూడియో నుంచి తీసి ఇంకో స్టూడియోకి ఇచ్చారు. చివరికి 2026 జనవరిలో మొత్తానికే రద్దు చేశారు. రావాల్సిన నెలకు సరిగ్గా ఐదేళ్ల తర్వాత!

గ్రూప్‌లో మొదటి మెసేజ్ మా బావది. ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. "పీడ పోయింది. పాతదాన్ని ఖరాబ్ చెయ్యకముందే ఆపిండ్రు" అన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే అన్నకు కోపం వచ్చింది. "ఐదేండ్ల సంది చూస్తున్నరా బై. గిట్ల చేస్తరా ఎవరన్నా?" అన్నాడు. మధ్యలో ఐటీఐ చదివే మా చిన్న తమ్ముడు దూరాడు. "అసలు ఆ పాతదాంట్ల ఏమున్నదే? కెమెరా తిప్పుదామంటే గోడకు గుద్దుకుంటది" అన్నాడు. ఇక చూడండి, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, ఈ గొడవలో నాకు ఒక సంగతి కనిపించింది. ముగ్గురూ 'అసలు ప్రిన్స్' గురించే మాట్లాడుతున్నారు. ముగ్గురి మనసులో ఉన్న ప్రిన్స్ మాత్రం వేరు వేరు.

తమ్ముణ్ని పరిగెత్తించి చేసిన ఆట

మొదటి ప్రిన్స్ పుట్టింది 1989లో. యాపిల్-2 కంప్యూటర్ మీద. తయారుచేసింది అమెరికా కుర్రాడు జోర్డాన్ మెక్‌నర్. తన తమ్ముడితో పరుగులు పెట్టించి, దూకించి, వీడియో తీసుకున్నాడు. ఆ ఫ్రేములను ఒక్కొక్కటిగా చూసి బొమ్మ గీశాడు. అందుకే ఆ ప్రిన్స్ నడక అచ్చం మనిషి నడకలా ఉంటుంది. సంగీతం వాళ్ల నాన్నది. కంప్యూటర్ మెమరీలో ఇంకో శత్రువు బొమ్మకు చోటు లేకపోతే, ప్రిన్స్ బొమ్మనే కాస్త మార్చి నీడ మనిషిని పుట్టించాడు. ఆటగాడికి ఇచ్చిన టైమ్ 60 నిమిషాలు. ఆలోపు రాకుమారిని విడిపించాలి. అంతే.

మా అన్న కన్నా పెద్దవాళ్లు కొందరికి ఇదే అసలు ప్రిన్స్. స్కూల్ కంప్యూటర్ రూమ్‌లో చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి, సార్ చూడకుండా ఆడిన ప్రిన్స్. వాళ్లను అడిగితే 2003లో వచ్చిందే 'కొత్తది'.

మా ఊరికి వరుస తప్పి వచ్చాడు

2003లో 'సాండ్స్ ఆఫ్ టైమ్' వచ్చింది. మెక్‌నర్ కూడా దాని మీద పనిచేశాడు. చేతిలో ఒక బాకు, దాంట్లో కాలపు ఇసుక. తప్పు చేస్తే కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవచ్చు. తోడుగా ఫరా అనే రాకుమారి, ఇద్దరి మధ్యా చిలిపి మాటలు. ప్రపంచం మొత్తం శభాష్ అంది.

మరుసటి ఏడాదే 'వారియర్ విథిన్' వచ్చింది. ప్రిన్స్ గడ్డం పెంచాడు. నవ్వడం మానేశాడు. గొంతు ఇచ్చిన నటుడు కూడా మారాడు. వెనకాల హెవీ మెటల్ పాటలు, ముందు నెత్తురు. పాత ఫ్యాన్స్ గగ్గోలు పెట్టారు. సాక్షాత్తూ మెక్‌నరే ఆ రక్తపాతం, ఆ తీరు తనకు నచ్చలేదని బయటికి చెప్పాడు.

ఈ గోల ఏదీ మా ఖనికి చేరలేదు. మా దగ్గరికి ఆటలు వరుసలో వచ్చేవి కావు కదా! ఎవరో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఏ సీడీ దొరికితే అది తెచ్చేవారు. మా నెట్ సెంటర్‌కి ముందు 'వారియర్ విథిన్' వచ్చింది. ఏడాది తర్వాత 'సాండ్స్ ఆఫ్ టైమ్' వచ్చింది. స్పీకర్లు ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండేవి కాబట్టి గొంతు మారిన సంగతి మాకు తెలిసే దారే లేదు.

మాకు తెలిసింది దహాకా. కాలాన్ని గెలికినందుకు ప్రిన్స్‌ను చంపడానికి వెంటపడే భూతం. బొగ్గు కన్నా నల్లగా ఉంటుంది. అది వస్తే కొట్లాట ఉండదు, పరుగే. నీళ్ల తెర దాటితేనే ప్రాణం దక్కుతుంది. గంటకు 15 రూపాయలు కట్టి ఒకడు ఆడుతుంటే, వెనకాల ఏడుగురం నిలబడి "ఉరుకురా! ఎడమకు! ఎడమకు దుంకు!" అని అరిచేవాళ్లం.

తర్వాత 'సాండ్స్ ఆఫ్ టైమ్' ఆడితే మా బ్యాచ్‌లో సగం మందికి చప్పగా అనిపించింది. "గిదేందిరా, దహాకా లేడు?" అన్నారు. అంటే లోకం 'పాడుచేశారు' అన్న ఆట మాకు క్లాసిక్. లోకం క్లాసిక్ అన్నది మాకు 'పరవాలేదు'. మాకు రుచి తెలియక కాదు. మా ఊరికి ఏది ముందొచ్చిందో అదే మాకు ప్రిన్స్ అయ్యాడు.

2008లోనూ ఇదే కథ. నీటిరంగుల బొమ్మలాంటి అందంతో కొత్త ప్రిన్స్‌ను తెచ్చారు. ఇందులో కిందపడబోతే ఎలికా అనే అమ్మాయి చెయ్యి పట్టి పైకి లాగుతుంది, చావే లేదు. "చావు లేకపోతే భయమేముంది, భయం లేకపోతే ఆటేముంది" అని ఒక వర్గం. "ఎంత హాయిగా ఉంది" అని ఇంకో వర్గం. ఇప్పటికీ తేలలేదు.

పుణె, ముంబై కుర్రాళ్ల వంతు

ఇప్పుడు 2020కి వద్దాం. ఈ భాగం నాకు గుచ్చుకుంటుంది.

'సాండ్స్ ఆఫ్ టైమ్'ని మళ్లీ తయారుచేసే పని యూబీసాఫ్ట్ మొదట ఇచ్చింది ఎవరికో తెలుసా? తన పుణె, ముంబై స్టూడియోలకు. అంత పేరున్న సిరీస్‌లో ఒక పెద్ద ఆటకు మన దేశం నుంచి నాయకత్వం! ట్రైలర్ వచ్చిన రోజు మా గ్రూప్‌లో పండగే.

ఆ పండగ గంట కూడా నిలవలేదు. ట్రైలర్‌లో మొహాలు మైనం పూసినట్టున్నాయి, ఇదెక్కడి పాత గ్రాఫిక్స్ అని ప్రపంచమంతా వెక్కిరింపులు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే గ్రాఫిక్స్ ఆ కాలానికి తగ్గట్టు లేవు. ఆ మాట అనడంలో తప్పు లేదు. డబ్బు పెట్టి కొనేవాడికి అడిగే హక్కు ఉంటుంది.

కానీ మా గ్రూప్‌లో ఇంకో మాట కూడా పడింది. "ఇండియాల చేస్తే గిట్లనే ఉంటది." అన్నది బయటివాడు కాదు, మనవాడే. ఆ గ్రూప్‌లో అప్పుడు బ్లెండర్ నేర్చుకుంటున్న కుర్రాడొకడు ఉన్నాడు. వాళ్ల నాన్న సింగరేణి కార్మికుడు. దసరా ముందు వచ్చిన లాభాల వాటాతో కొడుక్కి కంప్యూటర్ కొనిచ్చాడు. రాత్రి నైట్ షిఫ్ట్‌కి నాన్న వెళ్లాక వీడు ఆ కంప్యూటర్ మీద కత్తులు, కోటగోడలు తయారుచేసేవాడు. ఆ రోజు తర్వాత వాడు గ్రూప్‌లో తన బొమ్మలు పెట్టడం మానేశాడు.

'మొహం బాగాలేదు' అంటే అది ఆట గురించి. దిద్దుకోవచ్చు. 'మీవాళ్లు చేస్తే ఇంతే' అంటే అది మనిషి గురించి. దాన్ని ఏ ప్యాచ్‌తో దిద్దుకుంటాడు?

ఫ్యాన్స్ తిట్టారు కాబట్టే ఆట రద్దయిందని నేను అనను. కంపెనీకి దాని లెక్కలు, నష్టాలు ఉంటాయి. పని మాంట్రియల్ స్టూడియోకి వెళ్లాక కూడా మూడేళ్లు దాటింది, అక్కడా పూర్తికాలేదు. రద్దు ప్రకటించినప్పుడు ఇంకొన్ని ఆటలనూ కలిపే ఆపేశారు. కాబట్టి నేరం ఒక్కరి మీద వెయ్యలేం.

చూడకుండానే తీర్పు

'ద లాస్ట్ క్రౌన్' సంగతి మాత్రం వేరు. 2023 జూన్‌లో దాని ట్రైలర్ చూపించారు. హీరో ప్రిన్స్ కాదు, సార్గాన్ అనే యోధుడు. ఎత్తుకుపోయిన రాకుమారుణ్ని వెతుక్కుంటూ ఖాఫ్ పర్వతానికి వెళ్తాడు. ఆట పక్కనుంచి చూసే 2డీ తీరు. వెనకాల ర్యాప్ లాంటి పాట. "ఇది మా ప్రిన్స్ కాదు" అని తిట్లే తిట్లు.

తమాషా ఏమిటంటే, 1989 ప్రిన్స్ కూడా పక్కనుంచి చూసే ఆటే! ఇంకోటి, ఈ ఆటకు పూర్తిగా ఫార్సీ డబ్బింగ్ కూడా ఇచ్చారు. పర్షియా పేరు పెట్టుకున్న కథను పర్షియా భాషలోనే ఆడొచ్చు. ఇంతకన్నా 'అసలు' ఏం కావాలి?

2024 జనవరి 18న ఆట వచ్చింది. ఆడినవాళ్లు మెచ్చుకున్నారు. రివ్యూలు బ్రహ్మాండం. దారి మర్చిపోకుండా మ్యాప్ మీదే ఫొటో తీసి గుచ్చుకునే సదుపాయం లాంటివి పెట్టి, చూపు, చేతులు సరిగా సహకరించనివాళ్లు కూడా ఆడేలా చేసినందుకు ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో బహుమతి కూడా వచ్చింది. అయినా కంపెనీ అనుకున్నంత అమ్ముడుపోలేదు. 2024 అక్టోబర్‌కల్లా ఆ టీమ్‌ను విడగొట్టి తలో ప్రాజెక్టుకు పంపేశారు.

మెచ్చుకోవడం ఆలస్యమైతే ఇలాగే ఉంటుంది. ఇంత బాగా చేసిన టీమ్ చేతిలో దీని రెండో భాగం ఎలా ఉండేదో మనకు ఇక తెలియదు.

బాయికి, ఆటకు తేడా

మా ఊళ్లో 'పాతదే మంచిగుండె' అనే మాట రోజూ వినపడుతుంది. ఫస్ట్ షిఫ్ట్ దిగి టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దమనిషిని కదిలించండి. అండర్‌గ్రౌండ్ బాయిలు ఎట్లుండేవి, ఓపెన్‌కాస్టులు వచ్చాక ఏం పోయింది, గంటసేపు చెప్తాడు. ఆ బాధకు లెక్క ఉంది. ఓపెన్‌కాస్టులో మనిషి కన్నా మిషన్ పనే ఎక్కువ. ఊళ్లు లేచిపోయాయి. మూసిన బాయిలోకి మళ్లీ దిగలేం. అక్కడ కొత్తది వచ్చిందంటే పాతది పోయిందనే అర్థం.

ఆట అలా కాదు. కొత్త ప్రిన్స్ వస్తే పాత ప్రిన్స్ చావడు. 2003 ఆట ఇవాళ్టికీ కంప్యూటర్‌లో కొనుక్కుని ఆడొచ్చు. దహాకా ఇప్పటికీ తరుముతూనే ఉన్నాడు. సార్గాన్ వచ్చి మన సీడీ గుంజుకుపోలేదు. కొత్తది ఆగిపోతే మాత్రం నష్టం ఉంది. మనకు కాదు, మన తర్వాతివాళ్లకు. వాళ్ల ఊరికి ఏ ప్రిన్సూ రాడు.

అలాగని కొత్తదేది వచ్చినా చప్పట్లు కొట్టమని నేను చెప్పను. బావ భయం కూడా నిజమే. పేరు ఒక్కటే వాడుకుని సరుకు లేకుండా అమ్మే కంపెనీలు లేవా? గట్టిగా అడగాలి. కాకపోతే అడిగేముందు ఆడాలి. కనీసం అరగంట.

ఆ సౌకర్యం ఇప్పుడు జేబులోనే ఉంది. 'లాస్ట్ క్రౌన్' 2025 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్‌కి వచ్చింది. మొదటి భాగం ఉచితం, నచ్చితేనే డబ్బులు. నెట్ సెంటర్లో గంటకు 15 ఇచ్చిన మాకు ఇది దసరా ఆఫరే.

మా చిన్న తమ్ముడు అది పూర్తిచేశాడు. ఫోన్ మీద, రెండు బొటనవేళ్లతో, బస్సులో ఐటీఐకి పోతూ వస్తూ. పోయిన వారం గ్రూప్‌లో రాశాడు: "ఇంతకన్నా మంచి ప్రిన్స్ రాడే. ఇగ ఎవ్వడు ఏది తీసినా ఇదే అసలు."

బావ వెంటనే నవ్వే బొమ్మ పెట్టాడు. "చూస్తగా, పదేండ్లయినంక నువ్వు గూడ నాలెక్కనే తిడ్తవ్" అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. పందెం కూడా కాసుకున్నారు. ఓడినోడు చౌరస్తాలో అందరికీ బిర్యానీ తినిపించాలి.

మీ ఊరికి ముందు ఏ ప్రిన్స్ వచ్చాడు?