20 డిగ్రీల పిచ్చి, ఏలూరు ఎండ

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఇంట్లో కడుక్కోవడం గురించి ఎక్కడ చదివినా మొదటి మాట ఒకటే, డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని. ఆ రాసినవాళ్ళెవరూ మే నెలలో ఏలూరులో డాబా మీది ట్యాంకు నీళ్ళు పట్టి ఉండరు. మనకి కుళాయి తిప్పితే వచ్చేవే వేణ్ణీళ్ళు.

నేనూ ఆ 20నే పట్టుకు వేలాడాను. సంక్రాంతికి తీసిన హెచ్‌పీ5 రోలు. సగం ఆటపాకలో గూడబాతులు, సగం తాడేపల్లిగూడెంలో అమ్మమ్మ. మేలో సెలవు పెట్టి కూర్చుని, సగానికి సగం నీళ్ళు కలిపిన డీ-76లో మజ్జిగలో వేసినట్టు ఐసుముక్కలు వేశాను. థర్మామీటరు 20 చూపించగానే ట్యాంకులో పోసి, ఎందుకైనా మంచిదని ట్యాంకుని కూడా ఐసు బకెట్లో కూర్చోబెట్టా. లెక్క ప్రకారం 11 నిమిషాలు. బయటికి పోశాక చూస్తే 14 డిగ్రీలు! నెగటివ్‌లు గంజినీళ్ళలా పలచగా వచ్చాయి.

ముందు కెమెరా మీటరుని తిట్టుకున్నా. మనవాళ్ళకి బగ్ ఎప్పుడూ పక్కవాడి మాడ్యూల్లోనే కదా ఉండేది :) కానీ ఫిల్ము అంచున కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు ఉంటాయి చూడండి, అవి ఫ్యాక్టరీలోనే ఎక్స్‌పోజ్ చేసినవి. అవి చిక్కగా ఉండి బొమ్మ ఒక్కటే పలచబడితే ఫొటో తియ్యడంలో వెలుతురు చాలలేదని. అవీ పాలిపోతే తప్పు కడగడంలోనే. నావి పాలిపోయాయి. ఐసు కరిగి డెవలపర్ పలచనైంది, పైగా చల్లబడింది. డీ-76లో ఉండే హైడ్రోక్వినోన్ చలికి తొందరగా మొద్దుబారుతుంది.

అసలు 20 అనేది ఏమన్నా వ్రతమా? నా మటుకు నాకు మన ఊళ్ళలో 24 హాయి. అదే డీ-76 సగం నీళ్ళతో అయితే 11 నిమిషాలు కాస్తా సుమారు 8 అవుతుంది. నీళ్ళు కలపకుండా వాడితే 5 నిమిషాల దగ్గరికి పడిపోతుంది, అంత తక్కువైతే చారలు పడే ప్రమాదం. ఎండకి ఎక్కువ ఉడికిపోతుందేమోనని అందాజాగా టైము కోసేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళవీ నా నెగటివ్‌లే! ఐసు కావాలంటే బయటి బకెట్లో వేసుకోండి, డెవలపర్లో మాత్రం వద్దు. థర్మామీటరు పెట్టేముందు బాగా కలపండి, పోసేముందూ పోసేశాకా రెండుసార్లూ చూడండి.

"పలచనైతే ఏం, స్కానింగులో లాగేయొచ్చు" అంటాడు మా టీంలో ఒకడు. లాగొచ్చు, బొమ్మతో పాటు ఇసుక పోసినట్టు గ్రెయినూ వస్తుంది.

మొన్న చలికాలం మళ్ళీ ఆటపాక వెళ్ళి ఇంకో రోలు తీశాను, 24లో కడిగాను. గూడబాతుల రెక్కల్లో ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. అమ్మమ్మని మళ్ళీ తీద్దామంటే మనిషి లేదు. ఆ పద్దెనిమిది ఫ్రేముల్లో తెల్లచీర, వెనక సున్నం గోడ ఒకటే బూడిదరంగు.