ఆ కూర ఎవరు వండుతున్నారు?

వేటగాడిని పొగడడం మన పల్లెల్లో ఇంకా ఒక ముచ్చటే! వెలుగొండల అంచున ఉన్న మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఈ పొగడ్తలు విని విని నాకు విసుగు పుట్టింది. "వాడి కన్నే కన్నమ్మా! గీరిన మట్టి చూసి దుప్పి మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పేస్తాడు" అంటారు.

ఏమిటా గీరిన మట్టి? జత కోసం తిరిగే రోజుల్లో పోతుదుప్పి ముందుకాళ్ల గిట్టలతో నేల గీరుతుంది. కొమ్ములతో చెట్టు బెరడు రాస్తుంది. వెనక కాళ్లమీద నిలబడి, పైకొమ్మలకు ముఖం రుద్ది తన వాసన అంటిస్తుంది. మెట్టబీళ్లలో తిరిగే కృష్ణజింక అయితే ఒకేచోట పెంటికలు వేసి "ఈ జాగా నాది" అని చాటుకుంటుంది. ఇవన్నీ తోటి జంతువులకు రాసుకున్న ఉత్తరాలండీ! పరాయివాళ్ల ఉత్తరం విప్పితేనే తప్పంటామే, అది చదివి, రాసినవాడి కోసం ఉచ్చు పన్నడం మగతనమా?

"పూర్వం రాజులు వేటాడలేదా?" అంటారు. ఉదయగిరి దుర్గాన్ని 1514లో గెలిచిన రాయలవారి కాలం కాదిది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చంపడమే కాదు, ఆ మాంసం కొనడమూ, దాచడమూ నేరమే. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింకను చంపితే ఏడేళ్ల దాకా జైలు! పైగా ఇప్పటి వేటలో వీరత్వమెక్కడుంది? దారికి అడ్డంగా కరెంటు తీగ కట్టడమేగా! ఆ తీగకు దుప్పి ఒక్కటే బలికాదు. మేతకు పోయిన గేదె, పొలానికి నీళ్లు కట్టబోయిన మనిషీ పోతారు.

సరే, మగవాళ్లను తిట్టి ఊరుకుంటే లాభమేముంది? ఆ మాంసం చివరికి వచ్చేది మన వంటింటికే! గుట్టుగా మూట తెచ్చి, "మసాలా బాగా దట్టించు" అంటారు. మనం కొంగు బిగించి అల్లం వెల్లుల్లి నూరతాం. వండేవాళ్లే లేకపోతే కొనేదెవరు? కొనేవాళ్లే లేకపోతే ఉచ్చు పన్నేదెవరు?

మాయలేడిని కోరిందని సీతమ్మను యుగాలుగా ఆడిపోసుకుంటున్నారు. పాపం, ఆవిడ ముందు అడిగింది ప్రాణంతో పట్టి తెమ్మనే! మనమో, అడక్కుండా వచ్చిన మాంసానికి కూడా పొయ్యి ముట్టిస్తున్నాం.

"ఇది నా పొయ్యి మీదికి ఎక్కదు" అని ఒక్కసారి చెప్పి చూడండి. రెండురోజులు మూతి ముడుచుకుంటారు. మూడోరోజు పప్పుచారుతో తిని లేస్తారు. అలిగి పుట్టింటికి పోయేటంత పంతం తెలిసినవాళ్లం, ఈపాటి పంతం పట్టలేమా?