పరిశోధన - పదిమంది సొత్తు

పంచినకొద్దీ పెరిగేది విద్యాధనం. ఈ సత్యం పరిశోధనకు మరింతగా వర్తిస్తుంది. స్టీఫెన్ హాకింగ్ 1966లో రచించిన సిద్ధాంత గ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 2017 అక్టోబరులో ‘అపోలో’ అనే తన డిజిటల్ భాండాగారంలో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. పాఠకుల తాకిడికి వెబ్‌సైటు స్తంభించిపోయింది. అర్ధశతాబ్దం నాటి రచనపై లోకానికి ఎంతటి ఆసక్తి ఉన్నదో దీనివల్ల తేటతెల్లమయింది.

అయితే సిద్ధాంత గ్రంథం పరిశోధనకు ఫలం మాత్రమే. ఆ ఫలానికి మూలమైన కొలతలు, పట్టికలు, ధ్వనిముద్రణలు మొదలైనవి దత్తాంశాలు. అవి ఒకరి కంప్యూటరుకే పరిమితమైతే, ఆ యంత్రం చెడిననాడు అవీ నశిస్తాయి. నిర్ణయాలలోని నిజానిజాలను సరిచూసే అవకాశం ఇతరులకు ఉండదు. అందుకే అపోలో వంటి భాండాగారాలు దత్తాంశాలను కూడా స్వీకరించి భద్రపరుస్తున్నాయి.

తన శ్రమఫలాన్ని పరులు అపహరిస్తారేమోనని పరిశోధకుడు శంకించడం సహజమే. కాని సమర్పించినవారి పేరు, తేదీ నమోదై ఉన్నచోట అపహరణ సులభంగా బయటపడుతుంది. దాచిన సమాచారానికి ఆ రక్షణ లేదు. వ్యక్తుల అనారోగ్యం వంటి ఆంతరంగిక వివరాలను మాత్రం గోప్యంగా ఉంచవలసిందే.

మన దేశంలో ‘శోధగంగ’ అనేక విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఉచితంగా చదువుకొనే వీలు కల్పిస్తున్నది. దత్తాంశాలకు సైతం అట్టి ఆదరణ లభించాలి. ప్రజాధనంతో సాగిన పరిశోధన బీరువాలలో మూలుగుతుంటే, తరువాతి తరం అదే శ్రమను మళ్లీ మొదటినుంచి పడవలసి వస్తుంది. అది ధనానికే కాదు, కాలానికీ తీరని నష్టం.