కంప్యూటర్ కబుర్లు: నక్షా ఎవరి దగ్గర ఉండాలి?

మన ఉగాది సంచికకి వ్యాసం టైపు చేస్తూ మా మావయ్యగారు పెట్టిన కేక జయనగర్ నాలుగో బ్లాకు దాకా వినబడే ఉంటుంది. పదకొండో పేజీలో ఉండగా ప్రోగ్రాం తనంతట తానే మూసుకుపోయింది. దాచుకోవడం ఆయనకి అలవాటు లేదు.

"అల్లుడుగారూ, మీరు ఇంజనీరు కదా, ఎందుకు పోయిందో చెప్పండి," అన్నారు. ఆ కంప్యూటర్లో లినక్స్ వేసిపెట్టింది నేనే కనుక తప్పించుకోలేకపోయాను. తీరా చూస్తే తెరమీద అన్నీ అంకెలే.

ప్రోగ్రాం రాసేవారు ప్రతి పనికీ ఒక పేరు పెట్టి వరుసలుగా రాస్తారు. యంత్రభాషలోకి మారాక ఆ పేర్లతో యంత్రానికి పనిలేదు. ఏ సంకేతం ఏ ఫైలులో ఎన్నో వరుస నుంచి వచ్చిందో చెప్పే పట్టికే డీబగ్ ఫైలు. గోడలోపలి కరెంటు వైర్ల నక్షా వంటిదన్నమాట. లైటు వేసుకోవడానికి అక్కర్లేదు. మేకు కొట్టగానే ఫ్యూజు పోయిందంటే అదే దిక్కు.

చిక్కేమిటంటే చాలాసార్లు ప్రోగ్రాంకన్నా ఈ పట్టికే పెద్దది. అందరి నెత్తినా రుద్దలేరు. డెబియన్‌లో చాలాకాలం ఇది ప్యాకేజీ చూసుకునేవారి ఇష్టంగా ఉండేది. ఓపిక ఉన్నవారు డీబగ్ ప్యాకేజీ విడిగా కట్టేవారు, లేనివారు మానేసేవారు. 2015 చివర్లో పద్ధతి మార్చి, అది తనంతట తయారై ప్రత్యేక భండారంలో చేరేలా చేశారు. మన తెలుగు 'స్వేచ్ఛ', సీడాక్ వారి 'బాస్' డెబియన్ పునాదిమీద లేచినవే కనుక ఇదేమీ పరాయివాళ్ళ గొడవ కాదు.

నక్షా ఉంటే చాలదు, మన ఫ్లాటుదే అయి ఉండాలి. అందుకే ప్రోగ్రాంలోనూ డీబగ్ ఫైలులోనూ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది, సాధారణంగా 40 అక్షరాలది. నేను చేసిన తెలివితక్కువ పనేమిటంటే, ముందు ప్రోగ్రాంని కొత్త కూర్పుకి మార్చేసి, ఆ తర్వాత డీబగ్ ఫైలు దించుకున్నాను. సంఖ్య కలవలేదు. పాతదాని కోసం వెళితే అక్కడ లేదు.

విడిగా పెట్టడం సబబే. కొత్త కూర్పు రాగానే పాత డీబగ్ ఫైళ్ళని ఊడ్చేయడం మాత్రం నాకు నచ్చదు. జనం వాడేదీ, కూలేదీ ఆ పాతదే కదా! 2019లో వచ్చిన డీబగ్‌ఇన్ఫోడీ అనే సర్వరుకి గుర్తింపు సంఖ్య చెబితే సరైన ఫైలు అప్పటికప్పుడు పంపుతుంది. ఫెడోరావారు 2021లో, 35వ కూర్పులో, అందరికీ అమర్చిపెట్టారు కూడా. అయితే ఆ సర్వరైనా తన దగ్గర ఉన్నదే పంపగలదు.

మావయ్యగారు వ్యాసం మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్కో పేజీ పూర్తికాగానే అచ్చు తీసి దిండు కింద పెట్టుకుంటున్నారు.