బొబ్బిలి వీణ, సోసో బాలా

గినీ దేశంలో, మాలీ సరిహద్దుకు దగ్గర్లో నియాగస్సోలా అనే ఊరుంది. అక్కడ దోకలా వంశపెద్ద సంరక్షణలో ఒక పురాతన బాలాఫోన్ ఉంది. పేరు సోసో బాలా. మీటరున్నర పొడవు, 20 కొయ్య పలకలు, వాటి కింద నాదాన్ని పెంచే సొరబుర్రలు. సోసో రాజు సుమావొరో కాంటే దీన్ని వాయించేవాడట. 1235 ప్రాంతంలో కిరీనా యుద్ధంలో సుందియాటా కీటా చేతిలో అతడు ఓడిపోయాక వాద్యం గెలిచినవారి గాయకుడు బల్లా ఫస్సేకే వంశానికి దక్కిందంటారు. వాళ్లు గ్రియోలు; మన భట్రాజుల్లా రాజవంశాల చరిత్రను నోటనే నిలిపినవాళ్లు.

పశ్చిమ ఆఫ్రికాలో ఊరూరా మోగే బాలాఫోన్లు వేరే. బుర్రలకు చిల్లులు పెట్టి, సంప్రదాయంగా సాలీడు గుడ్లసంచి పొరతో మూసేవారు. దెబ్బ పడగానే స్వరంతోపాటు సన్నని జుమ్మనే మోత పుడుతుంది. ఆ మోత లేని వాద్యం అక్కడి చెవికి చప్పగా ఉంటుంది.

బొబ్బిలికీ యుద్ధముంది, వాద్యముంది. కానీ రెండూ వేర్వేరు చేతుల్లో పడ్డాయి. 1757 జనవరి 24న కోట కూలిన కథను ఊళ్లకు మోసుకెళ్లింది కథకుల తంబురా, గుమ్మెటలు. వీణ మాత్రం దగ్గర్లోని గొల్లపల్లిలో సర్వసిద్ధి కళాకారుల ఉలి కింద రూపు దిద్దుకుంది. ఒకే పనస మొద్దును తొలిచి చేసే ఏకాండి వీణకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపూ వచ్చింది. ఆ పేరు పెట్టుకుని మరెవరూ అమ్ముకోకుండా అది కాపాడుతుంది. వాయించేవాళ్లను తయారుచేయడం దాని పని కాదు. బల్ల మీద పెట్టుకునే బహుమతి వీణకైతే వాయించేవాడి అవసరమే లేదు.

2001లో యునెస్కో గుర్తించింది ఒక్క సోసో బాలాను కాదు, దాని చుట్టూ ఉన్న సాంస్కృతిక ఆవరణాన్ని. అందులో వంశపెద్ద ఉన్నాడు, పండుగలూ అంత్యక్రియలూ ఉన్నాయి, ఏడేళ్ల వయసు నుంచి మామూలు బాలాఫోన్ల మీద పిల్లలకు చెప్పే పాఠం ఉంది.

ఉత్తరాంధ్రలో ఆ పాఠానికి చోటు లేకపోలేదు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాల ఉంది. గొల్లపల్లిలో మొద్దు తొలిచే కుర్రాడికి అక్కడ వీణ నేర్చుకునే వీలుండాలి. వైణిక విద్యార్థి కొన్నాళ్లు గొల్లపల్లి కార్ఖానాలో కూర్చుని మెట్లు ఎలా కుదురుతాయో చూడాలి. శ్రీకాకుళం పల్లెల్లో ఎల్లమ్మ కథకు మోగే జముకు వాద్యానికీ అక్కడే ఒక తరగతి కావాలి. ఆ తరగతికి గురువుగా జముకుల కథకుణ్ణే కూర్చోబెట్టాలి. జీతం కూడా మిగతా అధ్యాపకులతో సమానంగానే ఇవ్వాలి.